బోర్డు దించిన రోజు

గోవర్ధనరావు గుమ్మంలోకి వస్తూనే అన్న మాట ఆనందరావుకి మింగుడుపడలేదు.

"మనం పరిశోధకులం కాదోయ్. రేపు ఎవరడిగినా ఆ మాట అనకు. ఆదివారం పూట కాలక్షేపానికి రాళ్ళూ రప్పలూ చూసొచ్చేవాళ్ళం. అంతే."

ఇంకెవరన్నా అని ఉంటే ఆనందరావు నవ్వి ఊరుకునేవాడు. అన్నది గోవర్ధనరావు. గుడివాడలో రైసుమిల్లు, బందరులో మేడ, కారు ఉన్న మనిషి. పైగా 'బందరు చరిత్ర పరిశోధక సంఘం' అధ్యక్షుడు. ఆ పేరు పెట్టిందే ఆయన.

సంఘం పెట్టినప్పుడు ఉన్నది ముగ్గురు. ఇప్పుడూ ముగ్గురే. గోవర్ధనరావు, హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు ఆనందరావు, ఫోటో స్టూడియో విల్సన్. మొదటి సమావేశం అంతా పేరు మీద గొడవతోనే సరిపోయింది. చరిత్ర విద్యార్థులు అందామని ఆనందరావు అన్నాడు. అభిమానులు అందాం, అయితే ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదని విల్సన్ అన్నాడు. గోవర్ధనరావు రెండూ ఒప్పుకోలేదు. విద్యార్థులంటే వీధిలో కుక్క కూడా లెక్కచెయ్యదనీ, పరిశోధకులంటే కలెక్టరైనా కుర్చీ వేస్తాడనీ తేల్చేశాడు. బోర్డు ఆనందరావే రాశాడు, నీలం మీద తెల్ల అక్షరాలు. దాన్ని చూసినప్పుడల్లా విల్సన్, "మన సరదాకి సంఘమని పేరు," అని నవ్వేవాడు.

ఆ బోర్డుని పొద్దున్నే దింపించేశానని గోవర్ధనరావు ఇప్పుడు చెబుతున్నాడు. రంగు వెలిసిందట.

కిందటి నెలే కదా ఆనందరావు దానికి కొత్త రంగు వేసింది.

గోవర్ధనరావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గిలకలదిండి పల్లెవాళ్ళ దావాలో కోర్టువారు కమీషనరుని వేశారనీ, ఆయన రేపు పొద్దున్నే స్థలం చూడ్డానికి వస్తున్నాడనీ చెప్పాడు. పల్లెవాళ్ళు ఆనందరావుని సాక్షిగా చెప్పుకున్నారట. వెళ్ళక తప్పదు. వెళ్ళి ఏం చెప్పాలన్నదే ముఖ్యం.

"నువ్వు పరిశోధకుణ్ణి అన్నావనుకో, నీ మాటకి విలువొస్తుంది. దాంతోపాటు అనుమతి లేకుండా పాత రాయి పెకలించిన నేరం కూడా వస్తుంది. కార్యదర్శివి నువ్వు. సరదాకి తిరిగేవాణ్ణి, రాయి ఎక్కడుండేదో గుర్తులేదన్నావనుకో, నిన్నెవడూ ఏమీ అడగడు. నీ ఉద్యోగం నీకుంటుంది. నీ మంచికే చెబుతున్నాను."

రాయి సంగతి బందరులో అందరికీ తెలుసు. గిలకలదిండి రేవు పక్కన పల్లెవాళ్ళు వలలు ఆరేసుకునే దిబ్బ ఉంది. నీటికి దూరంగా ఉన్న దాని చివర నడుమెత్తు హద్దురాయి ఉండేది. కుంపిణీవాళ్ళ కాలానిది. పైన లంగరు బొమ్మ, కింద తెలుగు అక్షరాలు. ఇక్కడినుంచి రేవు దాకా వలలవాళ్ళ మేర అని వాటి తాత్పర్యం. మాఘమాసంలో గోవర్ధనరావు దాన్ని చూసి కంగారుపడ్డాడు. ఉప్పుగాలికి అక్షరాలు రాలిపోతున్నాయి, గట్టు పనికి ఎవడో పగలగొట్టుకుపోతాడు, మనం కాపాడకపోతే ఇంకెవరు కాపాడతారన్నాడు. మాఘపౌర్ణమి నాడు ఆనందరావూ విల్సనూ గునపాలు పట్టుకుని వెళ్ళారు. రాయి కదలలేదు. అడుగున గచ్చు పోసి ఉంది. ఇంకాస్త బలంగా ఎత్తేసరికి మొదలు దగ్గర విరిగి పక్కకి పడింది. గోవర్ధనరావు పంపిన లారీ మనుషులు వచ్చి రాయి మోసుకుపోయారు. విరిగిన మొదలు మీద అక్షరాలు లేవు కాబట్టి ఇద్దరూ దాని మీద ఇసక కప్పేశారు. రాయి ఇప్పుడు గుడివాడ మిల్లు వాకిట్లో దిమ్మ మీద ఉంది. దాని పక్కన నిలబడి గోవర్ధనరావు ఫోటో తీయించుకుని పేపర్లో కూడా వేయించుకున్నాడు.

పల్లెవాళ్ళు పౌర్ణమి స్నానాల నుంచి తిరిగొచ్చి రాయి ఏదని అడిగితే భద్రంగా ఉందని చెప్పింది ఆనందరావే. పరిశోధక సంఘం వారు తీసుకున్నారు కదా అని వాళ్ళూ నమ్మారు. తర్వాత దావా పడింది. పక్క స్థలం కొన్న వెంకటాద్రి అనే అవనిగడ్డ ఆసామి, ఆ రాయి ఎప్పుడూ నీటి ఒడ్డునే ఉండేదనీ, దిబ్బ అంతా తనదనీ అంటున్నాడు. అక్కడ ఐసు ఫ్యాక్టరీ కడతాడట. దిబ్బ పోతే పల్లెలో వలలు ఆరేసుకునే చోటు లేదు, చేపలు ఎండబెట్టే చోటు లేదు. రాయి ఉన్నంతకాలం ఈ పేచీ లేదు. అది ఊడబెరికిన చోటు ఇప్పుడు మామూలు ఇసక.

గోవర్ధనరావు లేవబోతూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"అవునూ, ఆ విరిగిన మొదలు అక్కడే వదిలేశారు కదూ. ఎక్కడో గుర్తుందా?"

ఆనందరావు ఆలోచించకుండా చెప్పేశాడు. బొమ్మలు గీసేవాడికి చోట్లు మరుపు రావు. దిబ్బ వెనక జంట తాటిచెట్లున్నాయి కదా, అవి రెండూ ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒక్క తాడిలా కనిపించే గీత ఒకటుంది, మొదలు ఆ గీత మీదే ఉందన్నాడు. గీత మీద ఏ చోటో చెప్పడానికి నోరు తెరుస్తుండగా భార్య సరోజ కాఫీ తెచ్చింది. గోవర్ధనరావు ఆ గీత చాలన్నట్టు రెండు గుక్కల్లో తాగేసి, మీ స్కూలు కరెస్పాండెంటు నాకు కావలసినవాడే, భయపడకు అని చెప్పి కారెక్కాడు.

సరోజ గ్లాసు తీస్తూ నిలబడిపోయింది. ఆమె ఆస్పత్రిలో నర్సు. మాటలు తక్కువ, చెవులు ఎక్కువ.

"ఏవండీ, ఆ వెంకటాద్రిగారి భార్య కిందటి నెల మా వార్డులో ఉంది. ఈయన చూడ్డానికొస్తే అన్నయ్యా అని పిలిచింది."

"ఎవరిని?"

"ఈయన్నే. సొంత చెల్లెలు."

ఆనందరావుకి అప్పుడు ఆ రోజు గుర్తొచ్చింది. మాఘపౌర్ణమి. పల్లె పల్లెంతా సముద్రస్నానానికి దివిసీమలో హంసలదీవి వెళ్ళిన రోజు. ఆ రోజైతే ఎవరూ అడ్డురారని చెప్పింది గోవర్ధనరావే. తనూ విల్సనూ చరిత్రని కాపాడుతున్నామనుకుని ఆయన బావగారికి స్థలం చదును చేసిపెట్టారు. ఇప్పుడు బోర్డు దిగింది. మొదలు ఎక్కడుందో కావాలి. ఎందుకో చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది.

సగం తను చెప్పేశాడు.

విల్సన్‌కి చెబుదామని స్టూడియోకి పరిగెత్తాడు. తలుపులు వేసి ఉన్నాయి. కూచిపూడిలో ఎవరిదో ప్రదర్శనకి ఫోటోలు తియ్యడానికి వెళ్ళాడు, రేపుగానీ రాడని పక్క కొట్టువాళ్ళు చెప్పారు. ఆనందరావు సైకిలు గిలకలదిండి వైపు తిప్పాడు. ఎదురుగాలి. ఎంత తొక్కినా బండి నిలబడ్డచోటే ఉన్నట్టుంది. పోలీసు కేసు పడ్డ మాస్టరుని ఏ స్కూలు ఉంచుకుంటుందని ఒకసారి, దిబ్బ పోతే ఆ పల్లె ఏమైపోతుందని ఒకసారి, గానుగలా తిరుగుతోంది బుర్ర.

దిబ్బ మీద అప్పటికే కూలీలు దిగారు.

జంట తాళ్ళకి ఎదురుగా, తను చెప్పిన గీత మీదే, కందకం తవ్వుతున్నారు. తాళ్ళ దగ్గర మొదలుపెట్టి రేవు వైపు వస్తున్నారు. పలుగు దిగిన ప్రతిసారీ ఆనందరావు చెవులు రిక్కించాడు. ఇంకా తగల్లేదు. కానీ ఇదే వరసన వస్తే పొద్దుగూకేలోపు తగులుతుంది. పెకలించి కాలవలో పడేస్తే ఇక రాయి ఎక్కడుండేదో చెప్పగలిగేది దేవుడొక్కడే.

గొడుగు కింద కుర్చీలో ఒక బక్కపల్చటి మనిషి కూర్చుని ఉన్నాడు. సైకిలు చూసి లేచాడు.

"డ్రాయింగు మేష్టారు కదూ. నేను వెంకటాద్రిని. మా బావగారు పంపారా? ఫ్యాక్టరీకి పునాది తీయిస్తున్నాను. సరిగ్గా ఎక్కడో చూపిస్తే వీళ్ళకి శ్రమ తగ్గుతుంది."

చల్లగా అడిగాడు. కళ్ళు మాత్రం ఆనందరావు కళ్ళనే పట్టుకుని ఉన్నాయి.

అప్పుడు తెలిసింది ఆనందరావుకి, తన చూపే తన శత్రువని. రెండో గుర్తు పోలేరమ్మ గుడి జెండాకర్ర. ఆ కర్ర వెనక లైట్‌హౌసు సూటిగా వచ్చే చోట ఇంకో గీత. రెండు గీతలూ కలిసేచోట మొదలుంది. అలవాటు కొద్దీ తల అటు తిరగబోయింది. మెడ బిగబట్టుకున్నాడు. జెండా వైపు ఒక్కసారి చూస్తే చాలు, ఈ మనిషి పట్టేస్తాడు. ఎండ కళ్ళలో పడుతోంది, కాసేపాగి చూస్తానని గొణిగి, సైకిలు నడిపించుకుంటూ గుడిసెల వైపు వెళ్ళాడు. వీపు మీద వెంకటాద్రి చూపు గుచ్చుకుంటూనే ఉంది.

పల్లెలో మగవాళ్ళు లేరు. వేటకి పోయారు. పల్లె పెద్ద పోలయ్య భార్య సత్యవతమ్మ గుమ్మం ముందు తెగిన వల కంతలు అల్లుతోంది. తల ఎత్తకుండానే అంది.

"రాయి భద్రంగా ఉందన్నావు కదా మేష్టారూ. భద్రంగానే ఉంది. మేమే లేం."

ఆనందరావు ఆమె ఎదురుగా ఇసకలో కూలబడ్డాడు. దాచకుండా చెప్పాడు. రాయి తనే విరగ్గొట్టాననీ, మొదలు ఇంకా భూమిలో ఉందనీ, అది దొరికితే రేపు కమీషనరు ముందు దిబ్బ పల్లెదేనని తేలుతుందనీ, సాయంత్రందాకా వాళ్ళ పలుగులు ఆపాలనీ చెప్పాడు. ఎక్కడుందో మాత్రం చూపించలేనన్నాడు. చూపిస్తే వాళ్ళూ చూస్తారు.

సత్యవతమ్మ తలెత్తి అతని ముఖంలోకి చూసింది. ఇతణ్ణి ఎంతవరకు నమ్మాలో కొలుస్తున్నట్టుంది. తర్వాత పక్క గుడిసెలకి కేక పెట్టింది.

ఆడవాళ్ళు వలలు మోసుకుంటూ దిబ్బ మీదికి వచ్చారు. ఎప్పటిలా ఆరేసుకోవడానికే వచ్చినట్టు, ఒకరి వల అంచుకి ఇంకొకరి వల తగిలించి, కందకం ఆగినచోటు నుంచి నీటి ఒడ్డు దాకా దిబ్బంతా పరిచారు. పరిచి, అంచుల మీద కూర్చుని కంతలు అల్లడం మొదలుపెట్టారు.

కూలీలు పలుగులు దించేశారు. వాళ్ళూ సముద్రం పక్క ఊళ్ళవాళ్ళే. ఆరేసిన వలను దాటితే ఆ వల మళ్ళీ చేపని ఎరగదంటారు. దాటిన కాలిని సముద్రం అడుగుతుందని కూడా అంటారు. ముసలి కూలీ ఒకడు తలపాగా విప్పి, పొద్దున్న కూడా తినలేదంటూ నీడకి పోయాడు. మిగిలినవాళ్ళు అతని వెనకే పోయారు.

వెంకటాద్రి కేకలు వేశాడు. లాగెయ్యమన్నాడు. ఎవరూ కదలకపోయేసరికి తనే వల అంచు దాకా వచ్చి చెప్పుకాలు ఎత్తాడు.

సత్యవతమ్మ అల్లిక ఆపలేదు.

"దాటండి బాబూ. రేపు మీ ఐసు ఫ్యాక్టరీకి చేపలు తెచ్చేది ఎవరో అదీ చూద్దాం."

వెంకటాద్రి కాలు గాలిలో కాసేపు ఉండి వెనక్కి వచ్చింది. ఆనందరావు వైపు తిరిగి, మీరు రేపు ఏమని చెబుతారో నేనూ వింటాను మేష్టారూ అన్నాడు.

పొద్దుగూకాక పోలయ్య వాళ్ళు వేట నుంచి వచ్చారు. వలలు మాత్రం ఆ రాత్రి ఎవరూ తియ్యలేదు. ఆనందరావు ఇంటికెళ్ళినా కునుకు పట్టలేదు. సరోజ పక్కనే కూర్చుని ప్రార్థన చేసింది. ఏం చెబుతారనీ అడగలేదు, ఏం చెప్పొద్దనీ అనలేదు. తెల్లారి ఇస్త్రీ చొక్కా తీసి ఇస్తూ, నా జీతంతో గంజి తాగగలం లెండి అని మాత్రం అంది. ఆ మాటకి ధైర్యం రావలసింది పోయి ఆనందరావుకి భయమే పెరిగింది. ఆమె అప్పుడే అంతదూరం ఆలోచించేసింది.

కమీషనరు గంగాధరరావు పెద్ద వకీలు. బరువైన మనిషి. ఇసకలో నడవలేక ఆయాసపడుతూ వచ్చాడు. వెనక వెంకటాద్రి, అతని వకీలు. కాస్త ఎడంగా కారు పక్కన గోవర్ధనరావు. తెల్లపంచె ఇసక అంటకుండా పైకి పట్టుకుని నిలబడ్డాడు. ఆనందరావుని చూసి చిన్నగా తల ఊపాడు. నిన్న చెప్పింది గుర్తుందా అన్నట్టు.

పోలయ్య చెప్పింది కమీషనరు రాసుకున్నాడు. వెంకటాద్రి చెప్పింది రాసుకున్నాడు. ఇద్దరూ దావాలో వాళ్ళే, ఎవరి మాట వారిది. అప్పుడు ఆనందరావుని పిలిచాడు. పేరు, వృత్తి అడిగాడు. వెంకటాద్రి వకీలు మధ్యలో అందుకున్నాడు.

బొమ్మలు నేర్పే మాస్టారు శిలల గురించి ఏ అధికారంతో చెబుతారని అడిగాడు. ఏ యూనివర్సిటీలో చదివారన్నాడు. పరిశోధకులా, లేక ఊసుపోక తిరిగేవారా, ముందు అది తేల్చమన్నాడు. వీరి సంఘానికి బోర్డు కూడా లేదు, కావాలంటే వెళ్ళి చూడండన్నాడు.

గంగాధరరావు కలం ఎత్తి పట్టుకున్నాడు.

"చెప్పండి. మిమ్మల్ని ఏమని రాసుకోను?"

ఆనందరావు ఆ కలం వైపు చూశాడు. పరిశోధకుణ్ణంటే ఆ వకీలు అబద్ధమని నిరూపిస్తాడు, నిమిషం పట్టదు. సరదాకి తిరిగేవాణ్ణంటే ఈ భయమంతా ఇప్పుడే తీరిపోతుంది. స్కూలు, జీతం, పరువు అన్నీ ఇంటికి తీసుకుపోవచ్చు. వల అంచున కూర్చున్న సత్యవతమ్మ అతని వైపు చూడ్డం లేదు. చేతిలో అల్లిక మాత్రం ముందుకి సాగడం లేదు.

"ఆ రాయిని విరగ్గొట్టినవాణ్ణని రాసుకోండి," అన్నాడు ఆనందరావు. "చరిత్ర తెలుసో లేదో తర్వాత తేల్చండి. గునపం పట్టింది నేను. ఎక్కడ విరిగిందో నాకు తెలుసు. మొదలు ఇంకా భూమిలోనే ఉంది."

కమీషనరు ఆ మాటే రాసుకున్నాడు. చూపించమన్నాడు.

పోలయ్య మనుషులు వలలు చుట్టారు. ఆనందరావు ఇప్పుడు తల తిప్పి చూశాడు. జంట తాళ్ళు ఒక్క తాడి అయ్యేదాకా పక్కకి జరిగాడు. జెండాకర్ర లైట్‌హౌసుకి అడ్డొచ్చేదాకా ముందుకి నడిచాడు. కాలి బొటనవేలితో గీత గీశాడు. తవ్వారు.

ఇసక వచ్చింది. ఇంకా తవ్వారు. గవ్వలు, ఎండ్రకాయ బొరియ, తడి ఇసక. మోకాలిలోతు అయింది. ఏమీ లేదు.

వకీలు నవ్వాడు. గోవర్ధనరావు పంచె కిందికి వదిలాడు. ఆనందరావు మళ్ళీ తాళ్ళ వైపు చూశాడు, మళ్ళీ జెండా వైపు చూశాడు. గీతలు సరిగ్గానే ఉన్నాయి. ముందే వచ్చి తీసేశారా? లేక తన బుర్రే తప్పా? ఉద్యోగం ఎలాగూ పోయింది, దిబ్బ కూడా పోయింది. గుంటలో నీళ్ళు ఊరుతున్నాయి.

ఉన్నట్టుండి అడిగాడు. "పోలయ్యా, ఆ జెండాకర్ర మాఘంలో ఉన్నదేనా?"

పోలయ్య గుడి వైపు చూసి తల గీక్కున్నాడు. పాతది పుచ్చిపోతే ఉగాదికి కొత్తది నిలబెట్టారట. పాత గుంటలో నీళ్ళు నిలుస్తున్నాయని రెండు బారలు పక్కగా పాతారట. పాత గుంట కావాలంటే అక్కడే ఉంది, చూసుకోండన్నాడు. కమీషనరు స్వయంగా వెళ్ళి ఆ గుంట చూశాడు. అందులో ఒక మనిషిని నిలబెట్టించాడు. ఆనందరావు తాళ్ళ గీత తప్పకుండా, ఆ మనిషి తల లైట్‌హౌసుకి అడ్డొచ్చేదాకా వెనక్కి జరిగాడు.

ఈసారి పలుగు రెండోపోటుకే ఖంగుమంది.

చేతులతో ఇసక తోడారు. గచ్చు దిమ్మ, దాని మధ్య నల్లరాయి మొదలు. మీద విరిగిన అంచు ఇంకా పచ్చిగా, కొత్తగా మెరుస్తోంది. గంగాధరరావు వంగలేక వంగి, వేలితో ఆ అంచు తడిమాడు. మిగతా రాయి ఎక్కడని అడిగాడు. గుడివాడ మిల్లు వాకిట్లో అని చెప్పడానికి పదిమంది నోళ్ళు లేచాయి. ఊరంతా చూసిన రాయి, పేపర్లో ఫోటో పడ్డ రాయి. దాచడానికి వీల్లేదు.

నీటి ఒడ్డు ఎంత దూరమో కొలవమని కమీషనరు టేపు తీయించాడు. వెంకటాద్రి గొడుగు ముడిచాడు.

గోవర్ధనరావు మాత్రం నెమ్మదిగా దగ్గరికి వచ్చాడు. ముఖం ఎర్రబడలేదు, గొంతు పెరగలేదు. పెకలించిన సంగతి సంఘం అధ్యక్షుడిగా తనకేమీ తెలియదనీ, విరిగిన రాయిని భద్రపరిచానంతేననీ, కార్యదర్శి తన అనుమతి లేకుండా పురాతన శిలను ధ్వంసం చేశాడనీ, దానికి అతని ఒప్పుకోలే సాక్ష్యమనీ కమీషనరుతో చెప్పాడు. పోలీసు స్టేషనుకే వెళుతున్నానన్నాడు. వెళ్ళేముందు ఆనందరావు చెవి దగ్గర వంగి, అభిమానులు అనిపించుకుంటే పోయేదానికి ఎందుకొచ్చిన గొడవోయ్ అన్నాడు.

కారు వెళ్ళిపోయింది. సర్వేవాళ్ళు వచ్చి గుర్తు వేసేదాకా ఆ మొదలుని ఎవరూ కదపకుండా చూడమని చెప్పి కమీషనరు కూడా వెళ్ళాడు. ఎవరు చూడాలో చెప్పలేదు. ఆనందరావు గుంట పక్కన కూర్చున్నాడు. మొదలు మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. పల్లెవాళ్ళు అతని చుట్టూ వలలు మళ్ళీ పరిచారు.

కెమెరా మెడలో వేసుకుని విల్సన్ పరిగెత్తుకొచ్చాడు. కూచిపూడి నుంచి బస్సు దిగగానే సంగతి తెలిసిందట. గునపం తను కూడా పట్టాడు కాబట్టి తన పేరు కూడా రాయించమన్నాడు. ఇంకేమీ మాట్లాడకుండా వల చుట్టూ తిరిగి వచ్చి ఆనందరావు పక్కన కూర్చున్నాడు.

ఎండ ఎక్కుతోంది. రేవు రోడ్డు మీద సైకిలు ఒకటి కనిపించింది. ఎర్ర టోపీ. కానిస్టేబులు దిబ్బ దగ్గర సైకిలు దిగి, బొమ్మల మేష్టారు ఎవరని అడిగాడు. ఆనందరావు లేవబోయాడు. సత్యవతమ్మ చేత్తోనే కూర్చోమని సైగ చేసింది. కానిస్టేబులు బూటుకాలు వల అంచు దాకా వచ్చింది.

"ఆయన్ని అడగాలంటే చుట్టూ తిరిగి రావయ్యా," అంది సత్యవతమ్మ. "వల దాటమాక."

కానిస్టేబులు కిందికి చూశాడు. వల నీళ్ళదాకా ఉంది. నిట్టూర్చి, సైకిలు స్టాండు వేసి, బూట్లు చేతిలో పట్టుకుని, నీళ్ళ వైపుగా చుట్టూ తిరిగి రావడం మొదలుపెట్టాడు.

ఆనందరావు చెయ్యి రాతి మీంచి తియ్యలేదు. అతను వచ్చేదాకా ఇంకా కాస్త సమయం ఉంది.